సైన్యంలో పనిచేసిన పాత రివాల్వర్లను సర్వీస్ ఆధారాలతో సేకరించడం ఎలా?

పాత మిలిటరీ రివాల్వర్లు అమ్మేవాళ్ల దగ్గర కథలకు కొదవుండదు. ఫలానా యుద్ధంలో ఫలానా కెప్టెన్ నడుముకు వేలాడిందంటారు, ఆ కథను కూడా కలిపి రేటు చెబుతారు. వినండి, తప్పులేదు. ఎక్కువ డబ్బు మాత్రం ఆ రివాల్వర్ సీరియల్ నంబర్ రాసున్న కాగితం ఉంటేనే పెట్టండి.

బేరం కంటే ముందు మీ దేశ చట్టం చూసుకోండి. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898తో కలిపి అప్పటిలోగా తయారైనది యాంటిక్, అంటే మామూలు తుపాకీ నిబంధనలు వర్తించని పాత వస్తువు. బ్రిటన్‌లో అంత సులువు కాదు: 1939 సెప్టెంబర్ 1కి ముందు తయారై ఉండాలి, దాని తూటా గానీ పేలే పద్ధతి గానీ వాడుకపోయినవని ప్రభుత్వం ఇచ్చిన జాబితాలో ఉండాలి, అలంకారంగా మాత్రమే ఉంచుకోవాలి. పైగా 2021లో ఆ జాబితా నుంచి ఫ్రెంచ్ 11 ఎం.ఎం., జర్మన్ 10.6 ఎం.ఎం. లాంటి తూటాలను తీసేశారు, దాంతో అప్పటిదాకా యాంటిక్‌గా చెల్లినవి లైసెన్స్ పరిధిలోకి వచ్చేశాయి. అందుకే ఎప్పుడో చదివిన రూల్‌ని నమ్ముకోకండి, ఇంకో దేశం నుంచి తెప్పిస్తుంటే దిగుమతి నిబంధనలు విడిగా చూడండి.

ఇప్పుడు ఒక్క మోడల్ ఎంచుకోండి. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ, ఫ్రెంచ్ 1873 మోడల్, బ్రిటిష్ వెబ్లీలు, రష్యన్ 1895 నగాన్, ఇలా ప్రతిదానికీ ముద్రల పద్ధతి వేరు, అన్నిటి వెంటా పడితే ఒక్కటీ సరిగ్గా తెలియదు. చట్టం ఒప్పుకునే చోట కొత్తవాళ్లకు నేనైతే జర్మన్ 1879, 1883 మోడళ్లనే చెబుతాను. రెజిమెంట్, కంపెనీ, ఆయుధం నంబర్ చాలావాటి ఇనుము మీదే గుద్ది ఉంటాయి, సగం చరిత్ర అక్కడే దొరుకుతుంది.

అసలు పని కాగితాల దగ్గర మొదలవుతుంది. కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ పాత రిజిస్టర్ల ఆధారంగా ఫీజు తీసుకుని ఫ్యాక్టరీ లెటర్ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ నంబర్ రివాల్వర్ ఏ తేదీన ఎవరికి పంపారో అందులో ఉంటుంది, ఎవరు పట్టుకు తిరిగారో ఉండదు. మనిషి పేరు కావాలంటే ఇంకా తవ్వాలి. బ్రిటిష్ ఆఫీసర్లు చాలామంది రివాల్వర్ సొంత డబ్బుతో కొనుక్కునేవారు, కొందరు పేరు చెక్కించుకునేవారు కూడా. అలాంటి పేరు కనిపిస్తే లండన్ గెజెట్ అనే ప్రభుత్వ పత్రికలో, ఆఫీసర్ల పేర్లుండే ఆర్మీ లిస్ట్‌లో వెతకండి, మొదటి ప్రపంచ యుద్ధం నాటిదైతే లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో యూనిట్ల వార్ డైరీలు, మెడల్ కార్డులు ఉన్నాయి. కాకపోతే ఆ ఆఫీసర్ నిజంగా ఉన్నాడని తేలినంత మాత్రాన ఆ చెక్కడం అప్పటిదే అయిపోదు, రికార్డుల్లో పేరు చూసి నిన్న చెక్కినవాళ్లూ ఉంటారు. మా తాతగారిది అని కుటుంబం వాళ్లు అమ్ముతుంటే సీరియల్ నంబర్‌తో సహా రాసి సంతకం పెట్టమనండి, మొహమాటం వద్దు.

తర్వాత భూతద్దం, పక్క నుంచి పడే లైటు. ముద్రలు కాగితంతో, కాలంతో కలవాలి. కోల్ట్ సింగిల్ యాక్షన్ మీద సైన్యం తరఫున తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టర్ ఐన్స్‌వర్త్ పొడి అక్షరాలు తొలి సంవత్సరాలవి, నెటిల్టన్‌వి 1878 నాటివి. సీరియల్ నంబర్ ఒక కాలానిది, ఇన్‌స్పెక్టర్ ఇంకో కాలంవాడు అయితే అనుమానించాల్సిందే. తుప్పు గుంటల మీదుగా కొత్తగా, పదునుగా దిగిన ముద్ర కనిపించినా అంతే. అలాగని నంబర్లు కలవని ప్రతిదీ నకిలీ అనుకోకండి. అమెరికా సైన్యం 1890ల మధ్య నుంచి ఈ కోల్ట్‌లను వెనక్కి తెప్పించి, ఏడున్నర అంగుళాల బ్యారెల్‌ని ఐదున్నరకు కోయించి, భాగాలు కలగలిపి మళ్లీ బిగించింది. వాటిని ఆర్టిలరీ మోడల్ అంటారు, వాటికి నంబర్లు కలవకపోవడమే మామూలు. వెబ్లీ అయితే సిలిండర్ వెనక భాగం చూడండి, అమెరికా వెళ్లినవాటిలో చాలావాటికి .45 ఏసీపీ అనే అమెరికన్ తూటా పట్టేలా అక్కడ అరగదీశారు, దాంతో కలెక్టర్ల దృష్టిలో విలువ తగ్గుతుంది.

చేతిలోకి తీసుకోగానే లోపల మందుగుండు ఉందనే అనుకోండి. ఇది చాదస్తం కాదు, క్యాప్ పెట్టి పేల్చే పాతకాలం రివాల్వర్లలో అప్పటి మందు ఇంకా కూరి ఉన్నవి దొరుకుతుంటాయి. అనుమానముంటే మీరు విప్పొద్దు, గన్‌స్మిత్‌కి చూపించండి. పేల్చి చూడాలనే సరదా అసలే వద్దు.

మెరుగు పెట్టకండి, ఇనుముకు నీలి నలుపు పూత వేసే బ్లూయింగ్ కొత్తగా చేయించకండి. గ్లవ్స్‌తో పట్టుకుని పల్చగా నూనె రాస్తే చాలు. తోలు హోల్‌స్టర్‌లో ఉంచితే చూడ్డానికి బాగుంటుంది కానీ తోలు తేమ పట్టి ఇనుమును తినేస్తుంది, విడిగా పెట్టండి. కాగితాలు కూడా నూనె అంటని వేరే చోట, స్కాన్ కాపీలతో ఉండాలి, ఇంట్లో ఇంకొకరికి ఆ చోటు తెలిసుండాలి. రేపు మీరు అమ్మినా, మీ పిల్లలు అమ్మినా రివాల్వర్, కాగితాలు రెండూ కలిసే వెళ్లాలి.