నదీ గులకరాళ్లలో అగేట్: గుర్తించడం, సాన పట్టడం

వేసవిలో గోదావరి నీరు తగ్గి రాళ్ల మేటలు బయటపడినప్పుడు, వాటి మీద నిదానంగా నడిచేవారికి చారల రాయి ఒకటైనా కంటపడే అవకాశం ఉంది. ఆ చారల రాళ్లలో మెరుగుకు నిలిచేది అగేట్. దీన్నే సులేమానీ రాయి అని కూడా పిలుస్తారు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పారిన లావా గట్టిపడి దక్కన్ బసాల్ట్‌గా మారినప్పుడు, వాయువుల బుడగలు అందులో ఖాళీలు మిగిల్చాయి. తరువాత సిలికా (ఇసుకలో ప్రధానంగా ఉండే పదార్థం) కరిగిన నీరు ఆ ఖాళీల్లోకి ఊరి, గోడల నుంచి లోపలికి పొర మీద పొరగా పేరుకోగా ఈ రాయి ఏర్పడింది. బసాల్ట్ శిథిలమై నల్లరేగడిగా మారినా అగేట్ చెక్కుచెదరక మిగిలి, మహారాష్ట్ర నుంచి వచ్చే నదుల వెంట దొర్లుతూ దిగువకు చేరింది. ఈ పుట్టుక తెలిస్తే గుర్తింపు సగం తేలికవుతుంది. అగేట్ చారలు ఎక్కువగా ఆ ఖాళీ ఆకారాన్ని అనుసరించి ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి.

ఎండిన గులకరాయిలో చారలు సరిగా కనిపించవు కాబట్టి ఒక సీసాలో నీళ్లు వెంట ఉంచుకుని, అనుమానం కలిగిన ప్రతి రాయినీ తడిపి చూడాలి. తడిపిన రాయిని ఎండకు అడ్డంగా పట్టుకున్నప్పుడు అంచుల గుండా తేనెరంగు వెలుతురు కనబడితే, పైభాగం మైనం పూసినట్టు నునుపుగా ఉండి దాని మీద గోటి గాట్ల వంటి చిన్న నెలవంక గుర్తులు ఉంటే, అది అగేట్ కావడానికి ఎక్కువ అవకాశం ఉంది.

ఇంటికి తెచ్చాక చాకు మొనతో గట్టిగా గీయండి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోస్ కొలతలో అగేట్ 6.5 నుంచి 7 వరకు ఉంటుంది కనుక దాని మీద గాటు పడదు. చాకు ఉక్కే అరిగి బూడిదరంగు గీతగా అంటుకుంటుంది, దాన్ని వేలితో తుడిచేయవచ్చు. కృష్ణా తీరంలో పల్నాటి సున్నపురాయి ముక్కలు కూడా చారలతో ఆకర్షిస్తాయి గాని, వాటి మీద చాకు సులభంగా దిగుతుంది, గీసిన పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ వస్తుంది. ఎరుపు, నలుపు చారలతో చేతికి అసాధారణ బరువుగా తోచేది ఇనుప ఖనిజపు రాయి. చారల్లో రేణువులు విడివిడిగా కంటికి కనిపిస్తే అది నైస్ (gneiss) అనే రాయి. దానికి అద్దంలాంటి సమమైన మెరుగు రావడం కష్టం.

ఇక్కడ ఒక మాట తప్పక చెప్పాలి. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో శాతవాహనుల కాలపు అగేట్ పూసలు, దాని జాతికే చెందిన ఎర్రని కార్నేలియన్ పూసలు దొరికాయి. ఆదిమానవులు కూడా ఈ జాతి రాళ్లనే చెక్కి సన్నని పనిముట్లు చేసుకున్నారు. రంధ్రం ఉన్న పూస గాని, పనిగట్టుకుని పెచ్చులు తీసినట్టున్న ముక్క గాని కనిపిస్తే తీయకుండా అక్కడే ఉంచి, పురావస్తు శాఖకు తెలియజేయండి. చోటు మారితే దాని చరిత్ర పోతుంది.

సాన పట్టడానికి ముందు పగుళ్లు చూసుకోవాలి. రాయిని తడిపి ఆరనిస్తే, మిగతా భాగమంతా ఆరినా పగులు వెంట తడి గీత కాసేపు నిలుస్తుంది. అలాంటి రాయిని పక్కన పెట్టడమే మేలు. గ్రానైట్ పనివారు వాడే డైమండ్ ప్యాడ్లు 50, 100, 200, 400, 800, 1500, 3000 నంబర్లలో దొరుకుతాయి; నంబరు పెరిగేకొద్దీ ప్యాడ్ సన్నబడుతుంది, కాబట్టి 50తో మొదలుపెట్టి వరుసగా పైకి వెళ్లాలి. చేత్తో చేసేవారికి మామూలు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) కంటే ఇవే నా దృష్టిలో మంచివి, ఎందుకంటే అగేట్ మీద కాగితం త్వరగా అరిగిపోతుంది. రాయి, ప్యాడ్ ఎప్పుడూ తడిగానే ఉండాలి. అగేట్ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ పనే జీవనాధారంగా ఉన్న ఎందరో కార్మికులు ఆ ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు బలయ్యారు. మాస్కు ఉన్నా పొడిగా రుద్దవద్దు. ఆ బురదనీటిని సింకులో పోస్తే గొట్టంలో గట్టిపడుతుంది కాబట్టి బకెట్టులో తేరనిచ్చి మట్టిని వేరుగా పారవేయాలి.

మెరుగు రాకపోవడానికి ప్రధాన కారణం తొందర. ఒక నంబరుతో నిలువుగా రుద్దితే తరువాతి నంబరుతో అడ్డంగా రుద్దండి. నిలువు గీతలన్నీ మాయమైతేనే ఆ దశ పూర్తయినట్టు. తడిలో గీతలు దాగిపోతాయి కాబట్టి రాయిని పూర్తిగా తుడిచి, దీపం వెలుతురు ఏటవాలుగా పడేటట్టు పట్టుకుని పరీక్షించాలి. నంబరు మార్చే ప్రతిసారీ రాయినీ, చేతులనూ, పళ్లేన్నీ కడగాలి, ఎందుకంటే వెనకటి దశ ముతక రేణువు ఒక్కటి మిగిలినా కొత్త గాటు పడుతుంది. 50, 100 నంబర్ల దగ్గర గంటలు పట్టినా ఓర్చుకోండి. అక్కడ వదిలేసిన గుంట చివరి మెరుగులోనే స్పష్టంగా బయటపడుతుంది.

3000 తరువాత సీరియం ఆక్సైడ్ పొడిని నీటితో పలుచని ముద్దగా కలిపి, తోలు ముక్క మీద రాసి రుద్దాలి. ముద్ద ఆరుతూ తోలు రాయిని కొద్దిగా పట్టుకుంటున్నట్టు అనిపించే క్షణంలోనే నిగ్గు తేలుతుంది, కనుక నీరు మరీ ఎక్కువ కాకూడదు. కడిగి ఆరబెట్టాక రాయిలో కిటికీ చువ్వల ప్రతిబింబం చూడండి. అంచులు మసకగా ఉంటే పొడిని మళ్లీ మళ్లీ రుద్దినా ఫలితం ఉండదు. 800 నంబరుకు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి తిరిగి రావాలి.