పాత కారు వాటర్ పంప్: మార్చే ముందు చూడాల్సినవి

పాత కారు వేడెక్కగానే అందరి చెయ్యీ వాటర్ పంప్ మీదికే పోతుంది. తప్పు నిజంగా దానిదేనా అని ముందు తేల్చుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఫ్యాన్ బెల్ట్ తీసేసి, పుల్లీని పట్టుకుని ఊపండి. షాఫ్ట్ అటూ ఇటూ ఊగితే బేరింగ్ అరిగిపోయినట్టే. చాలా పంపులకు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి నీళ్ళు కారుతుంటే సీల్ పోయింది. ఆ రంధ్రాన్ని మాత్రం ఎప్పుడూ మూయకండి. బయటికి దారి లేని నీళ్ళు బేరింగ్‌లోకి వెళ్ళి గ్రీజును కడిగేస్తాయి.

ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కితే ఫ్యాన్ గాలి సరిపోవడం లేదేమో చూడాలి. వేగంగా వెళ్ళినప్పుడు వేడెక్కితే రేడియేటర్ పూడిక, అరిగిన ఇంపెల్లర్ (పంప్ లోపల నీళ్ళను తోసే రెక్కల చక్రం), లేదా రేడియేటర్ కింది హోస్ కారణం కావచ్చు. ఆ హోస్ పంప్ పీల్చే వైపు ఉంటుంది కాబట్టి, రేస్ చేసినప్పుడు అది నొక్కినట్టు లోపలికి అణిగిపోతుందేమో గమనించండి. అణిగితే పంప్ జోలికి పోకుండా హోస్ మార్చండి.

కొత్త పంప్ తెచ్చాక చాలామంది వదిలేసేది ఇంపెల్లర్ రెక్కలకూ ఎదుటి గోడకూ మధ్య ఉండే సందు. అది సాధారణంగా 1 మి.మీ. లోపే ఉండాలి, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న కొలతే ప్రమాణం. సందు పెరిగితే రెక్కలు తోసిన నీళ్ళు మళ్ళీ వెనక్కే జారిపోతాయి, రేడియేటర్‌కు పోయేది తగ్గుతుంది. కొలవడం సులువే. రెండు మూడు రెక్కల మీద మెత్తటి బంకమట్టి పెట్టి, ఎదుటి గోడకు గ్రీజు రాసి, గాస్కెట్‌తో (పంప్‌కూ ఇంజన్‌కూ మధ్య నీళ్ళు కారకుండా పెట్టే పలచటి అట్ట) సహా పంప్ బిగించండి. షాఫ్ట్ తిప్పకుండా విప్పి, నలిగిన మట్టి మందం చూడండి. గాస్కెట్ మందంగా ఉన్నా సందు పెరుగుతుంది.

బిగించేటప్పుడు పాత గాస్కెట్ అంతా గీకేయండి. వాటర్ జాకెట్‌లోకి (ఇంజన్ గోడల్లో నీళ్ళు తిరిగే ఖాళీలోకి) దిగే బోల్టుల మరలకు సీలెంట్ రాయండి. బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు దఫాల్లో బిగించండి. ఫ్యాన్ బెల్ట్ బొటనవేలితో నొక్కితే సుమారు 12 మి.మీ. దిగాలి. అంతకన్నా బిగిస్తే కొత్త బేరింగ్ కూడా తొందరగా పోతుంది.

డిస్టిల్డ్ వాటర్, ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ సగం సగం కలిపి పోయండి. హీటర్ వాల్వ్ తెరిచి, రేడియేటర్ మూత తీసి, చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) తెరుచుకోగానే పై హోస్ వేడెక్కుతుంది. బుడగలు ఆగేదాకా కూలెంట్ పోస్తూ, ఆగాక మూత పెట్టండి.