పంటి డాక్టరంటే భయమా? ముందు అది దేని భయమో పట్టుకోండి

పన్ను సలుపుతుంటే లవంగం నొక్కిపెట్టుకుని, నొప్పి మాత్ర మింగి రాత్రుళ్ళు గడిపేస్తారు గానీ క్లినిక్ మెట్లెక్కరు చాలామంది. దయచేసి వాళ్ళని పిరికివాళ్ళనకండి. "ఇంత వయసొచ్చి సూదికి భయమేంటి" అన్న మాటకే వాళ్ళు ఆ సంగతి డాక్టరుకి కూడా చెప్పకుండా దాచుకుంటారు.

భయం అందరికీ ఒకటి కాదు. చిన్నప్పుడు గట్టిగా పట్టుకుని పన్ను పీకించిన జ్ఞాపకం కొందరిది, డ్రిల్ చప్పుడు కొందరిది, నోరు తెరిచి వెల్లకిలా పడుకుంటే ఏమీ మన చేతిలో ఉండదన్న టెన్షన్ ఇంకొందరిది. పళ్ళు పాడైపోయాయి, డాక్టరు తిడతారేమోనన్న సిగ్గు, బిల్లు ఎంతవుతుందోనన్న బెంగ కూడా తక్కువేం కాదు. డాక్టర్లు వాడే ఐదు ప్రశ్నల స్కేలు ఒకటుంది, మీరే వేసుకోవచ్చు: రేపు అపాయింట్‌మెంట్ అంటే, వెయిటింగ్ రూములో కూర్చుంటే, డ్రిల్ చేస్తుంటే, క్లీనింగ్ చేస్తుంటే, చిగురుకి ఇంజెక్షన్ ఇస్తుంటే ఎలా ఉంటుంది? ఒక్కోదానికి 1 (భయమే లేదు) నుంచి 5 (విపరీతమైన భయం) దాకా వేసుకోండి. మొత్తం 19 లేదా ఆపైన వస్తే భయం బాగా ఎక్కువని లెక్క. నన్నడిగితే మొత్తం కంటే దేనికి 5 పడిందో చూడండి, డాక్టరుకి చెప్పాల్సింది అదే.

సూదికైతే ముందు చిగురుకి మత్తు జెల్ రాసి, మందు మెల్లగా ఎక్కించమనండి. ఇంజెక్షన్ తర్వాత కాసేపు గుండె దడదడలాడితే కంగారుపడకండి, చాలా మత్తుమందుల్లో గుండె వేగం పెంచే అడ్రినలిన్ కలుపుతారు, కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. బీపీ, గుండె జబ్బు ఉంటే మాత్రం ముందే చెప్పాలి. అదుపు పోతుందన్న భయమైతే, చెయ్యెత్తగానే ఆపాలని మొదలుపెట్టకముందే మాట తీసుకోండి.

వాయిదా వేసేవాళ్ళకి ఒక్కటి గట్టిగా చెప్పాలి. చీము పట్టిన చోట ఆమ్లత్వం పెరిగి మత్తు సరిగ్గా ఎక్కదు. భయపడి ఆలస్యం చేస్తాం, ఆలస్యమైంది కాబట్టి నొప్పి పుడుతుంది, చూశావా నేను అనుకున్నట్టే అయింది అని మళ్ళీ రెండేళ్ళు వెళ్ళం. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడే వెళ్తే ఇదంతా ఉండదు.

పై పన్ను పీకిస్తే చూపు పోతుందని ఇంట్లో పెద్దవాళ్ళు ఆపితే, పంటి నరం వేరు, చూపు నరం వేరు అని నెమ్మదిగా చెప్పండి.

పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ అడగండి, రోజంతా తలుచుకుంటూ కూర్చునే పని తప్పుతుంది. ఫోన్‌లోనే చెప్పండి: "నాకు భయం ఎక్కువండీ, ఈరోజు చూసి ఖర్చెంతో చెప్పండి చాలు, వైద్యం ఇంకోరోజు చేయించుకుంటాను."