నీటి పరీక్ష నేర్చుకుందాం – 4: బుడగ వచ్చింది, ఆ తర్వాత?

కిందటి పాఠంలో కోలిఫామ్‌లు (పేగుల్లోనూ నేలలోనూ ఉండే, లాక్టోజ్‌ని పులియబెట్టే బ్యాక్టీరియా) ఉన్నాయేమో చూడటానికి చేతిపంపు నీళ్లను పదిహేను ట్యూబుల మెకాంకీ బ్రాత్‌లో (లాక్టోజ్ అనే పాలచక్కెర ఉన్న పోషక ద్రవం) వేసి 37 డిగ్రీల దగ్గర పెట్టాం. ఐదింటిలో 10 మి.లీ., ఐదింటిలో 1 మి.లీ., ఐదింటిలో 0.1 మి.లీ. ఇప్పుడు ఇంక్యుబేటర్ తలుపు తీద్దాం.

ఊదా రంగు పసుపుకి తిరిగితే లాక్టోజ్ పులిసి ఆమ్లం పుట్టినట్టు. అదొక్కటే చాలదు. లోపల బోర్లించిన చిన్న డర్హామ్ ట్యూబులో గ్యాస్ కూడా చేరాలి. 24 గంటలకు ఏమీ లేకపోతే ఇంకో 24 గంటలు ఆగండి. తొందరపడి పారబోయకండి.

కొత్తలో నేనొకసారి బాగా ఇరుక్కున్నాను. ఒక బ్యాచ్‌లో స్టెరైల్ (క్రిములు లేని) నీళ్లు వేసిన కంట్రోల్ ట్యూబులో కూడా బుడగ! టెన్షన్‌తో మీడియా (ఆ బ్రాత్) అంతా మళ్లీ కాచాను. తీరా చూస్తే తప్పు నాదే. ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే పాత్ర) పూర్తిగా చల్లారకముందే మూత తీశాను, డర్హామ్ ట్యూబుల్లో గాలి అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచి శాంపిల్ వేసే ముందు ప్రతి ట్యూబునూ వెలుతురుకి ఎత్తి చూస్తాను. ఆవగింజంత బుడగ ఉన్నా ఆ ట్యూబు పక్కకే.

మన శాంపిల్‌లో 10 మి.లీ. వరుసలో నాలుగు, 1 మి.లీ. వరుసలో రెండు పాజిటివ్ వచ్చాయనుకుందాం. అంటే 4-2-0. ఇది ఇంకా అనుమానమే. క్లాస్ట్రిడియం లాంటి స్పోర్లు కట్టే బ్యాక్టీరియా కూడా ఒక్కోసారి లాక్టోజ్‌ని పులియబెట్టి గ్యాస్ ఇస్తాయి. కాబట్టి ఆ ఆరు ట్యూబుల నుంచీ మూడు చోట్లకి లూపుతో (కొసన ఉంగరం ఉన్న తీగ) అంటించాలి. ఒక లూపు బ్రిలియంట్ గ్రీన్ బైల్ బ్రాత్‌లోకి, అది 37 డిగ్రీల దగ్గర 48 గంటలు. ఇందులోని రంగు, పైత్య లవణాలు క్లాస్ట్రిడియం లాంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాని ఎదగనివ్వవు. ఇక్కడా గ్యాస్ వస్తే కోలిఫామ్ ఖాయం.

మిగతా రెండు లూపులు ఈ.కోలి కోసం వాడే ఈసీ బ్రాత్‌లోకి, ట్రిప్టోన్ వాటర్‌లోకి. ఈ రెండూ 44.5 డిగ్రీల దగ్గర 24 గంటలు. దీనికి మామూలు ఇంక్యుబేటర్ పనికిరాదు, వాటర్ బాత్ కావాలి. 0.2 డిగ్రీలకి మించి తేడా రాకూడదు మరి. నేలలో, ఆకుల మీద బతికే కోలిఫామ్‌లు చాలావరకు ఈ వేడికి చతికిలబడతాయి. పేగుల్లోంచి వచ్చిన ఈ.కోలి అనే కోలిఫామ్ మాత్రం హాయిగా ఎదిగి గ్యాస్ ఇస్తుంది. కొన్ని క్లెబ్సియెల్లాలు (ఇంకో రకం కోలిఫామ్) కూడా తట్టుకుంటాయి, అందుకే ఇండోల్ పరీక్ష.

ట్రిప్టోన్ వాటర్‌లో కోవాక్స్ ద్రావణం నాలుగైదు చుక్కలు వేసి మెల్లగా కదిలించి నిలబెట్టండి. అందులోని అమైల్ ఆల్కహాల్ నీళ్లలో కలవదు, పైకి తేలుతుంది. ఈ.కోలి ట్రిప్టోన్‌లోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి తయారుచేసిన ఇండోల్ ఆ పొరలోకి చేరి కుంకుమ రంగు ఉంగరంలా కనిపిస్తుంది. పసుపుగానే ఉండిపోతే నెగటివ్. ఎన్ని వందలసార్లు చూసినా ఆ ఎర్ర ఉంగరం దగ్గర నేను ఓ క్షణం ఆగిపోతాను.

ఇంకా సందేహముంటే ఈఎంబీ అగార్ (రంగులు కలిపిన గట్టి మీడియా) మీద లూపుతో గీయండి. ఈ.కోలి కాలనీలు పచ్చటి లోహపు మెరుపుతో, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్న బంగారు పురుగు వీపులా ఉంటాయి.

ఇక లెక్క. ఎంపీఎన్ (100 మి.లీ.లో ఎక్కువగా ఉండే అవకాశమున్న బ్యాక్టీరియా సంఖ్య) పట్టిక చేతిలో లేకపోతే థామస్ సూత్రం వాడొచ్చు: పాజిటివ్ ట్యూబుల సంఖ్యని 100తో గుణించాలి. నెగటివ్ ట్యూబుల్లో పడిన మొత్తం నీటిని, అన్ని ట్యూబుల్లో పడిన మొత్తం నీటితో గుణించి వర్గమూలం తీయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఆరు ట్యూబులూ కోలిఫామ్ అని తేలితే నెగటివ్ నీరు 13.5 మి.లీ., మొత్తం 55.5 మి.లీ. వర్గమూలం 27.4. 600ని దానితో భాగిస్తే 100 మి.లీ.కి 22. పట్టికలోనూ ఇదే. ఆ ఆరింటిలో 10 మి.లీ. ట్యూబులు మూడు మాత్రమే 44.5 దగ్గర గ్యాస్, ఇండోల్ రెండూ ఇచ్చాయనుకోండి. అప్పుడు ఈ.కోలి 8.

తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటిలో ఏ 100 మి.లీ. శాంపిల్‌లోనూ ఈ.కోలి కనిపించకూడదు. కాబట్టి ఎనిమిదైనా, ఎనభైయైనా ఆ పంపు నీళ్లు అలాగే తాగడానికి లేదు. రిపోర్టులో రెండు అంకెలూ విడివిడిగా రాయండి, కలిపేయకండి.

ట్యూబులు కడిగే ముందు మళ్లీ ఆటోక్లేవ్ చేయాలి. వచ్చే పాఠం మెంబ్రేన్ ఫిల్టర్. ఈలోగా 3-1-0కి లెక్క కట్టి చూడండి, 11 దగ్గరికి రావాలి.