మైక్రోవేవ్‌లో ముందు చూడాల్సింది డోర్

పోయిన నెల ఒక పెద్దావిడ రాజమండ్రిలోని మా రిపేరు షాపుకి ఓవెన్ పట్టించుకొచ్చారు. కోడలికి ఐదో నెల. "దీని పక్కన నిలబడితే కడుపులో బిడ్డకి మంచిది కాదంటున్నారు బాబూ. కాస్త చూసి చెప్పు, లేదంటే ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నారు.

డోర్ తీశాను. కొక్కేలు రెండూ బాగానే ఉన్నాయి. కానీ డోర్ వచ్చి ఆనే అంచు మీద, కింది వైపు, నెయ్యీ పులుసూ చింది ఎండిపోయి పెంకు కట్టాయి. ఆ మూల డోర్ సరిగా కూర్చోవడం లేదు. ఇలాంటిది మీ ఇంట్లో మీరే బాగుచేసుకోవచ్చు. ప్లగ్ తీసేసి, గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో ఆ పెంకుని నానబెట్టి తుడవండి. స్టీలు పీచు వద్దు, చాకుతో గీకడం అసలే వద్దు. గీత పడిన చోట పెయింటు లేచి తుప్పు పడుతుంది.

తుడిచాక డోర్ పట్టుకుని మెల్లగా పైకీ కిందకీ కదపండి. బందుల దగ్గర లూజు ఉండకూడదు. కొక్కెం విరిగినా, అద్దం వెనకున్న జాలీ చిరిగినా, డోర్ వంగినా ఓవెన్ వాడకండి. లోపల వంటని వేడిచేసే మైక్రోవేవ్ తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. జాలీ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి వెలుతురు బయటికొస్తుంది గానీ ఆ తరంగాలు రావు. జాలీ చిరిగితే ఆ అడ్డు పోయినట్టే.

తర్వాత గ్లాసుడు నీళ్లు లోపల పెట్టి ఆన్ చేసి, మధ్యలో డోర్ తీయండి. హోరు ఆ క్షణమే ఆగాలి. లోపల లైటు వెలుగుతూ ఉంటే కంగారు పడక్కర్లేదు. హోరు ఆగకపోతే మాత్రం వెంటనే గోడ దగ్గర స్విచ్ కట్టేసి మెకానిక్‌కి చూపించండి. ఒకసారి నా దగ్గరికొచ్చిన ఓవెన్‌లో, అంతకుముందు ఎవరో, డోర్ తీయగానే ఓవెన్‌ని ఆపే స్విచ్‌లని వైరుతో కలిపేశారు. డోర్ తీసినా పనిచేస్తోంది! అది చూసి నాకు ఒళ్లు చల్లబడింది. కంటి లోపలి కటకానికి (లెన్సుకి) వేడిని లాగేసే రక్తప్రసరణ ఉండదు, అందుకే ముందు దెబ్బ తినేది కన్నే. రిపేరు చేయించాక మెకానిక్ ముందే ఈ డోర్ పరీక్ష చేయించుకోండి.

తరంగాలు లీకవుతున్నాయేమోనని ఫోన్ లోపల పెట్టి రింగ్ చేసి చూస్తారు చాలామంది. దాన్ని నమ్మొద్దు. టవర్ సిగ్నల్ బలంగా ఉంటే బాగున్న ఓవెన్‌లో కూడా ఫోన్ మోగుతుంది.

లీకు కొలవడానికి మీటర్ ఉంటుంది. ఓవెన్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు దాటకూడదు. అమెరికాలో 1971 నుంచీ ఉన్న హద్దు ఇది, అంతర్జాతీయ ప్రమాణంలోనూ ఇంతే. అక్కడి నుంచి అర మీటరు దూరం జరిగితే దాదాపు నూరో వంతుకి పడిపోతుంది. స్విచ్ ఆపితే బల్బు వెలుగు పోయినట్టే తరంగాలూ పోతాయి. అన్నంలో ఏమీ మిగిలిపోదు.

ఆవిడ ఓవెన్ డోర్ చుట్టూ మీటర్ తిప్పితే అర మిల్లీవాట్ కూడా రాలేదు. "మీ కోడలు నిశ్చింతగా వాడుకోవచ్చమ్మా" అని చెప్పి పంపాను.

ఒక్కటి మాత్రం ఎవరూ చేయొద్దు. స్క్రూలు విప్పి వెనక కవర్ తీయకండి. లోపల కరెంటు చార్జ్‌ని నిల్వ చేసే కెపాసిటర్‌లో వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్ తీసేశాక కూడా ఆ చార్జ్ ప్రాణం తీయగలదు. మేమైనా దాన్ని డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెడతాం.