పాత కావ్యాన్ని పరిష్కరించారా? కాపీరైట్ దరఖాస్తులో తడబడేది ఇక్కడే

పాల్కురికి సోమన కృతిని తాళపత్రాలు పోల్చి పాఠాన్ని సరిచేసి పరిష్కరించినా, వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి సంస్కృత శాసనాన్ని తెలుగు చేసినా, మీరు రాసినదానికి రాసిన రోజే కాపీరైట్ వస్తుంది. నమోదు తప్పనిసరి కాదు. రేపు ఎవరైనా మీ పీఠికను ఎత్తి రాసుకుంటే కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుందనే చేయించుకోవడం.

కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి ఫారం 14 నింపాలి. సాహిత్య రచనకు ఫీజు రూ.500. హనుమకొండలో కూర్చునే కట్టేయొచ్చు, ఢిల్లీ పోనక్కర్లేదు. వేలు అడిగే ఏజెంటుకు ఆ పైడబ్బు దేనికో అడగండి. ఫారంలో ఈమెయిల్, ఫోన్ మాత్రం మీవే ఇవ్వండి. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాక పరిశీలన మొదలవుతుంది. లోపాలుంటే లేఖ మెయిల్‌కే వస్తుంది. అది ఏజెంటు మెయిల్‌లో పడి ఉంటే, జవాబు గడువు దాటిపోయిన సంగతి కూడా మీకు తెలియదు.

ఎక్కువమంది ఆగిపోయేది 'అదనపు వివరాల' పత్రం దగ్గర. మీది మౌలిక రచనా, ఎవరి హక్కూ మిగలని, అంటే పబ్లిక్ డొమైన్‌లోని రచనకు అనువాదమా, అనుసరణా, లేక కాపీరైట్ ఇంకా ఉన్న రచనకు అనువాదమా, అనుసరణా అని అడుగుతుంది. శాసనం తెలుగు చేస్తే పబ్లిక్ డొమైన్ రచనకు అనువాదం. పీఠిక, టీక మీ మౌలిక రచన. సోమన ద్విపదలను కూడా కలిపి మొత్తం 'మౌలికం' అని టిక్కు పెట్టకండి. ఆ ద్విపదలు ఎవరి సొత్తూ కావు. పాత ప్రచురణల మీద 'సర్వహక్కులు ప్రచురణకర్తవి' అని చూసి మూలాన్ని ఉదాహరించడానికే జంకే పరిశోధకులున్నారు. జంకు అక్కర్లేదు, ఆ మాట మూలానికి వర్తించదు.

వర్తించేది పాత పరిష్కర్త పీఠికకు, వ్యాఖ్యకు. ఆయన పోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. పాత కావ్యాలను పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో కన్నుమూశారు. ఆయన బతికుండగా అచ్చయిన పీఠికలకు 2010తో గడువు తీరింది. గడువు తీరనివారి అనువాదం మీద మీ పని ఆధారపడితే, అదే పత్రంలో రచన పేరు, రచయిత వివరాలు, తీసుకున్న అనుమతి రాయాలి.

మరి పాఠాన్ని సరిచేసిన శ్రమ? అచ్చుతప్పులు దిద్ది కామాలు పెడితే హక్కు రాదు, నైపుణ్యం, వివేచన కనబడాలి అని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. మృతసముద్రం దగ్గర దొరికిన ప్రాచీన యూదు రాతప్రతుల్లో (డెడ్ సీ స్క్రోల్స్) ఖాళీలు పూరించిన పండితుడికి ఆ పాఠం మీద హక్కుందని 2000లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు తేల్చింది. అది ఇక్కడి కోర్టులను కట్టేయదు. అయినా పురుగు తిన్న చోట గ్రంథపాతం (చెడిపోయిన పాఠభాగం) పూరిస్తే, ఆ అక్షరాలను తప్పక కుండలీకరణాల్లో పెట్టండి. ఏది తాటాకుదో, ఏది మీదో పరిశీలకుడికీ, మీ తర్వాత వచ్చే పరిశోధకుడికీ విడిగా కనిపించాలి.

ఇంకొకటి. గౌరవంకొద్దీ మీ పరిశోధన గైడ్ పేరు రచయితల్లో చేరిస్తే, ఆయన సంతకంతో నిరభ్యంతర పత్రం జతచేయాలి. పుస్తకం వేరొకరు అచ్చువేసి ఉంటే వారిది కూడా. ఈ రెండూ చేతికొచ్చాకే ఫీజు కట్టండి.