ఎనిమోన్ ముడుచుకుపోయిందా? ముందు దాని నోరు చూడండి

రాత్రి లైటు ఆపేటప్పుడు పళ్లెమంత విచ్చుకుని ఉంటుంది. తెల్లారి లేచి చూస్తే నిమ్మకాయంత ముద్దై రాయికి అంటుకుని ఉంటుంది. ఉప్పునీటి ట్యాంకులో ఎనిమోన్ (పువ్వులా విచ్చుకునే మెత్తటి సముద్రజీవి) పెంచే ప్రతివాళ్లూ ఏదో ఒకరోజు పడే టెన్షన్ ఇది. కంగారులో చెయ్యిపెట్టి కదిలించడం, అదే రోజు సగం నీళ్లు మార్చేయడం, తెలిసీ తెలియని మందు పోయడం లాంటివి చేసి బాగున్నదాన్ని చంపుకున్నవాళ్లు చాలామంది.

ఎనిమోన్‌కు ఎముకా లేదు, గుల్లా లేదు. ఒంట్లో నింపుకున్న నీళ్ల బలంతోనే నిలబడుతుంది కాబట్టి దాని సైజు గంటగంటకూ మారుతుంది. సైజును బట్టి ఆరోగ్యం చెప్పలేం. చూడాల్సినవి నోరు, పాదం (అడుగున పట్టుకునే భాగం). మధ్యలో ఉన్న నోరు సన్నని గీతలా బిగుసుకుని, పాదం రాయినో ఇసుక కింది గట్టినేలనో పట్టుకుని ఉంటే చేతులు కట్టుకుని కూర్చోండి. ఈ రెండింట్లో ఏది వదులైనా పని మొదలుపెట్టండి.

ముడుచుకుని, మళ్లీ విచ్చుకుంటోంది

దీనికి తినడానికీ, విసర్జించడానికీ ఒకటే దారి. లోపలి పాతనీళ్లూ వ్యర్థమూ బయటికి పంపాలంటే ముడుచుకోక తప్పదు. తిన్న మర్నాడు ఇలా కావడం మామూలే. అప్పుడు నోటి నుంచి గోధుమరంగు పోగుల్లాంటివి వచ్చినా భయపడొద్దు. ఒకరోజు ఆగితే చాలావరకు మళ్లీ విచ్చుకుంటుంది.

రోజూ ఇదే తంతు అయితే, లేదా రెండుమూడు రోజులైనా విచ్చుకోకపోతే నీళ్లు పరీక్షించండి. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, ఉప్పు సాంద్రత 1.025–1.026, పీహెచ్ 8.1–8.4, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే క్షారగుణం) 8–11 డీకేహెచ్ (దాని కొలత) ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ మాత్రం సున్నా కానక్కర్లేదు, 10 పీపీఎం లోపు ఉంటే హాయి.

వీటిలో ఎక్కువగా మోసం చేసేది ఉప్పు. నా బబుల్ టిప్ (టెంటకిల్స్, అంటే నోటి చుట్టూ ఉండే తీగల చివర బుడగలుండే ఎనిమోన్ రకం) ఒకటి రెండు నెలల పాటు ప్రతి సాయంత్రం ముడుచుకునేది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 అనే కనపడేది, నేనేమో లైటును తిట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి పరికరాన్ని సరిచూసే 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) క్యాలిబ్రేషన్ ద్రావణం రెండు చుక్కలు వేసి చూస్తే పరికరమే తప్పు చూపిస్తోంది. ట్యాంకులో అసలు ఉన్నది 1.021. వారం పట్టించుకుని మెల్లగా పైకి తెచ్చాక ఆ సాయంత్రపు ముడుచుకోవడం ఆగిపోయింది. మామూలు మంచినీళ్లతో సున్నా సరిచేస్తే చాలనుకోవడమే నేను చేసిన పొరపాటు.

ఇంకో సంగతి: నీరు ఆవిరవుతుంది కానీ ఉప్పు ఆవిరవదు. తగ్గిన మట్టాన్ని ఉప్పునీళ్లతో నింపితే రోజురోజుకీ ట్యాంకు చిక్కబడుతుంది. ఆర్వో, డీఐ (డీఅయనైజేషన్) ఫిల్టర్లు రెండూ దాటిన ఉప్పులేని నీళ్లే పోయాలి. అవీ వారానికోసారి బకెట్‌తో గుమ్మరించకుండా, రోజూ కొంచెం కొంచెంగా.

ట్యాంకు పెట్టి ఆరునెలలు కూడా కాకపోతే కారణం వెతకనక్కర్లేదు, అదే కారణం. అంకెలన్నీ బాగున్నట్టే కనిపించినా కొత్త ట్యాంకులో అవి నిలకడగా ఉండవు. నిలకడ ఉంటే ఈ జీవి ఎంతకాలం బతుకుతుందో చూడండి: స్కాట్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ డాలియెల్ 1828లో తీరం నుంచి తెచ్చి గాజు జాడీలో పెట్టిన ఎనిమోన్ ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 దాకా బతికింది. దానికి ‘గ్రానీ’ అని పేరు కూడా పెట్టారు. అది చల్లటి నీళ్ల జాతి, దానికి మన బబుల్ టిప్‌లా లైటు అక్కర్లేదు. నీళ్లు మాత్రం క్రమం తప్పకుండా మార్చారు.

నోరు తెరుచుకుని వేలాడుతోంది

ఇదొక్కటే నిజంగా పరుగెత్తాల్సిన లక్షణం. నోరు వదులై, లోపలి తెల్లటి మడతలు బయటికి పొంగినట్టు కనిపిస్తాయి. టెంటకిల్స్ వేలికి అంటుకోవు.

మొదట అమ్మోనియా చూడండి. ఉంటే నాలుగోవంతు నీళ్లు మార్చండి. కొత్త నీళ్ల ఉప్పు, వేడి పాతవాటితో సరిపోవాలి. ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. పక్కనున్న కోరల్స్ (పగడపు జీవులు) వదిలే విషాలను కూడా అది కొంత పట్టుకుంటుంది.

తర్వాత గుర్తు తెచ్చుకోండి: ఈ మధ్య చేపలకు రాగి ఉన్న మందు వాడారా? చేపల పరాన్నజీవులకు బాగా పనిచేసే రాగే ఎనిమోన్‌కు విషం. పైగా రాళ్లలోకి ఇంకి, తర్వాత మెల్లగా బయటికి వస్తుంది. చేపకు జబ్బు చేస్తే చేపనే వేరే ట్యాంకులోకి తీసి మందు వేయాలి.

కార్పెట్, మాగ్నిఫికా అనే ఎనిమోన్ రకాలు కొత్తగా తెచ్చిన రోజుల్లో పూటపూటకూ ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, నోరు తెరుస్తుంటే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. అనుభవం ఉన్నవాళ్లు వేరే ట్యాంకులో, రోజూ నీళ్లు మారుస్తూ, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌తో వైద్యం చేస్తారు. ఉజ్జాయింపు మోతాదులతో మీరే మొదలుపెట్టకండి, జలచరాల వైద్యుణ్నో ఆ పని ముందే చేసినవాళ్లనో అడగండి. అసలు మొదటి ఎనిమోన్‌గా ఈ రెండూ కొనకపోవడం మేలు. బబుల్ టిప్ తప్పులు కాస్త ఓర్చుకుంటుంది.

చచ్చిందా బతికిందా తెలియకపోతే దగ్గరికెళ్లి చూడండి. టెంటకిల్స్ జిగురుగా కరిగి రాలుతూ, చుట్టూ నీళ్లు మసకగా, తీస్తే కుళ్లు కంపు కొడితే అయిపోయినట్టే. నీళ్లలోనే గిన్నె దాని కిందికి పెట్టి, ముక్కలు చెదరకుండా ఎత్తేయండి. గంటలు గడిచేకొద్దీ అమ్మోనియా పెరిగి మిగతా చేపలను కూడా తీసుకుపోతుంది.

రంగు వెలిసి తెల్లబడింది

దాని ఒంటి గోధుమ ఛాయ లోపల కాపురముండే సూక్ష్మ శైవలాలది. లైటుతో ఆహారం తయారుచేసి దాన్ని పోషించేవి అవే. వేడి పెరిగినా, ప్రయాణంలో నలిగినా, లైటు చాలకపోయినా, ఒక్కసారిగా ఎక్కువైనా వాటిని బయటికి నెట్టేస్తుంది. తెల్లబడినది వెంటనే చావదు, ఆకలితో నెలల తరబడి చిక్కిపోతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు లైటు ఒకేసారి పూర్తిగా పెంచడం. శైవలాలు లేని ఒంటికి అది మరీ దెబ్బ. మూడోవంతు నుంచి మొదలుపెట్టి రెండుమూడు వారాల్లో పెంచండి. ఈలోగా వారానికి రెండుమూడుసార్లు మైసిస్ ష్రింప్, రొయ్య లాంటివి గోరంత ముక్కలుగా పెట్టండి. రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

పసుపుపచ్చగానో ముదురు గులాబీగానో ఒళ్లంతా ఒకే రంగుతో, నోరు, పాదం కూడా అదే రంగులో మెరుస్తున్నదాన్ని చూస్తే అనుమానించండి. తెల్లబడినదానికి రంగు వేసి అమ్మే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది.

ఒకచోట కుదురుగా ఉండట్లేదు

కొత్తగా తెచ్చాక కొన్ని రోజులు తిరగడం సహజం, చోటు వెతుక్కుంటుంది. బబుల్ టిప్‌కు పాదం దాచుకునే రాతి సందు కావాలి. లాంగ్ టెంటకిల్ రకం పాదం ఇసుకలో దిగాలి. మాగ్నిఫికా ఎత్తైన రాయి మీద, ప్రవాహం బలంగా తగిలేచోట కూర్చుంటుంది. నెలల తరబడి కుదురుగా ఉన్నది హఠాత్తుగా నడక మొదలుపెడితే ఈమధ్య ఏం మార్చారో ఆలోచించండి: కొత్త లైటా, పంపు దిశా, పక్కన పెట్టిన కోరల్ జీవా? టెంటకిల్స్ సన్నగా పొడుగ్గా సాగుతుంటే లైటు చాలడం లేదేమో చూడండి.

తిరిగే ఎనిమోన్‌కు పెద్ద గండం పవర్‌హెడ్ (ట్యాంకులో ప్రవాహం పుట్టించే పంపు). ఫ్యాన్‌లో ఇరుక్కుంటే ముక్కలవుతుంది, ఆ ముక్కలతో ట్యాంకంతా పాడవుతుంది. ఎనిమోన్ తేకముందే పంపులకు స్పాంజి గానీ జాలీ గానీ కట్టండి. హీటర్‌కూ గార్డ్ పెట్టండి.

రాయి నుంచి లాగి తీయొద్దు. పాదం చిరిగితే అక్కడే కుళ్లు మొదలవుతుంది. ప్లాస్టిక్ సంచిలో ఐసుముక్క వేసి పాదం పక్కన రాయికి ఆనిస్తే కాసేపటికి పట్టు సడలిస్తుంది, అప్పుడు గ్లవ్స్ వేసుకున్న వేలితో అంచు నుంచి మెల్లగా ఒలవాలి.

తిన్నది ఉమ్మేస్తోంది

ముక్క పెద్దదై ఉంటుంది. నోటికన్నా చిన్నగా కోయండి, పంపులు పది నిమిషాలు ఆపండి. క్లీనర్ ష్రింప్ అనే రొయ్య ఉంటే కాపలా కాయండి, సగం మింగినదాన్ని కూడా లాక్కుపోతుంది. ఆరోగ్యంగా ఉన్నదానికి వారానికోసారి పెట్టినా చాలు.

క్లౌన్‌ఫిష్ దాన్ని విచ్చుకోనివ్వట్లేదు

చిన్న ఎనిమోన్‌లో పెద్ద చేప దూరి రోజంతా రుద్దుతుంటే ముడుచుకునే ఉంటుంది. ఎనిమోన్ వెడల్పు చేప పొడవుకు కనీసం రెండుమూడింతలు ఉండాలి. అప్పటిదాకా ఎనిమోన్ మీద చిల్లుల ప్లాస్టిక్ బుట్ట బోర్లించండి. బటర్‌ఫ్లై ఫిష్ ఉంటే మాత్రం బుట్టతో కాదు, అది ఎనిమోన్‌ను కొరుక్కుతినే జాతి, దాన్నే వేరే ట్యాంకుకు పంపేయాలి.

బుడగలు పోయాయి, రెండుగా చీలింది

బబుల్ టిప్‌కు టెంటకిల్ చివరి బుడగలు వస్తాయి, పోతాయి. జబ్బు కాదు. చీలడం బాగా ఎదిగినప్పుడూ జరుగుతుంది, ఒత్తిడిలోనూ జరుగుతుంది. రెండు ముక్కలూ పాదం ఆనించుకుంటే వదిలేయండి, వారం పాటు మేత పెట్టకండి.

పెట్టనివి రాళ్ల నిండా మొలుస్తున్నాయి

గోధుమరంగులో, సన్నటి కాడతో, ముట్టుకుంటే లోపలికి దూకేవి ఎయిప్టేసియా అనే కలుపు ఎనిమోన్లు. పాపం అని ఉంచుకుంటే ట్యాంకంతా కమ్మేసి కోరల్స్‌ను కుడతాయి. కత్తితో గీకితే మిగిలిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. నాలుగైదు ఉంటే పంపులు ఆపి, సున్నపు ముద్దను సిరంజితో ఒక్కోదాని నోటి మీద పెట్టండి. ఒకేరోజు అన్నింటికీ పెడితే పీహెచ్ ఎగబాకుతుంది, రోజుకు రెండుమూడు చాలు. డజన్లు ఉంటే వాటిని తినే పెప్పర్‌మింట్ ష్రింప్‌ను వదలండి. రాత్రి లైటు ఆర్పాక పని మొదలుపెడుతుంది. కాకపోతే ఆకలేస్తే అది మీ ఎనిమోన్ నోటి దగ్గరి మేతకూ వస్తుంది, ఆ పూట కాస్త కనిపెట్టి ఉండండి.